రెజ్లింగ్ షో హాల్లో కూర్చుని చూడాలా? అపోహలు - వాస్తవాలు

మాది విజయనగరం. ప్రొఫెషనల్ రెజ్లింగ్ షోల్లో రిఫరీగా పనిచేస్తాను. పని నేర్చుకున్నది ఉత్తరాదిలో, షోలు కూడా ఎక్కువగా అటువైపే. సెలవులకు ఇంటికొస్తే గంటస్తంభం దగ్గర కలిసే స్నేహితులూ, శ్రీకాకుళం చుట్టాలూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. టీవీలో వస్తుంటే డబ్బులు పెట్టి, అంత దూరం వెళ్లి చూడ్డమేంటి అని. ఈ పనంటే నాకు ప్రాణం. అందుకే తీరిగ్గా కూర్చుని జవాబు రాస్తున్నాను.

అపోహ: "అంతా ఉత్తుత్తిదే కదేటి! ఎవరు గెలుస్తారో ముందే రాసుకున్నాక చూడ్డానికి ఏటుంది?"

గెలుపు ఎవరిదో ముందే నిర్ణయిస్తారు, నిజమే. ఇందులో ఇప్పుడు దాపరికం లేదు. టీవీలో మనం చూసే పెద్ద రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈయే, అప్పట్లో దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్, 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర అధికారుల ముందు తమది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకుంది. అలా చెబితే క్రీడా కమిషన్ నిబంధనల నుంచి తప్పించుకోవచ్చని.

కానీ ముందే రాసుకునేది ముగింపు, మధ్యలో కొన్ని ఘట్టాలు. మిగతాది చాలావరకు రింగులోనే అల్లుకుంటారు. ఒకడు ఇంకొకడి మెడ పట్టుకుని కాసేపు అలాగే బిగించి ఉంచుతాడు చూడండి, అప్పుడు ఇద్దరూ ఊపిరి తీసుకుంటారు, తర్వాత ఏం చేయాలో గుసగుసగా చెప్పుకుంటారు. నేను వంగి "వదిలేస్తావా?" అని అడుగుతున్నట్టు కనిపిస్తాను. నిజానికి టైమ్ ఎంత మిగిలిందో చెబుతుంటాను. పెద్ద టీవీ షోల్లో రిఫరీ చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది, తెర వెనక షో నడిపేవాళ్ల మాట అతనే రింగులోకి చేరవేస్తాడు. ఆ అల్లికకు దారి చూపించేది మాత్రం జనం అరుపే. వాళ్లు దేనికి లేస్తున్నారు, దేనికి చల్లబడుతున్నారు అని వింటూనే ఆట నడుపుతారు.

మన జిల్లాల్లో పద్యనాటకాలు చూసిన పెద్దవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కథ తెలుసు, పద్యాలు నోటికి వచ్చు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు, రాగం బాగా తీస్తే "వన్స్‌మోర్" అంటారు, నటుడు మళ్లీ అందుకుంటాడు. రెజ్లింగ్ హాల్లో ఆ వన్స్‌మోర్ మొదటి గంట మోగినప్పటి నుంచి చివరి దాకా సాగుతూనే ఉంటుంది.

ఒక్కోసారి జనం కథనే తిప్పేస్తారు. డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద షో రెజిల్‌మేనియా. 2002లో అది టొరంటోలో జరిగింది. అందులో రాక్‌ది మంచివాడి పాత్ర, హల్క్ హోగన్‌ది చెడ్డవాడి పాత్ర. హాలు హాలంతా హోగన్ వైపు తిరిగిపోయింది. ఇద్దరూ అనుభవమున్నవాళ్లు కాబట్టి రింగులోనే ఆ గాలిని పసిగట్టి ఆట తీరు మార్చుకున్నారు. గెలిచింది రాకే. కానీ ఆ మ్యాచ్‌ను ఇవాళ్టికీ చెప్పుకునేది ఆ జనం వల్లే.

షోకు జనమే ప్రాణం అనడానికి తిరుగులేని రుజువు 2020లో దొరికింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది రెజిల్‌మేనియాను ఫ్లోరిడాలోని శిక్షణ కేంద్రంలో, ఒక్క ప్రేక్షకుడు కూడా లేకుండా జరిపారు. అదే రింగు, అదే పెద్ద పెద్ద పేర్లు. పడిన దెబ్బ చప్పుడు ఖాళీ గోడలకు తగిలి తిరిగొస్తుంటే చూడ్డానికి నాకు మనసు రాలేదు. ఆగస్టుకల్లా రింగు చుట్టూ ఎల్‌ఈడీ తెరలు పెట్టి, ఇళ్లలో కూర్చున్న అభిమానుల ముఖాలు చూపించాల్సి వచ్చింది. అన్ని హంగులున్న కంపెనీ కూడా జనం లేకుండా షోను నిలబెట్టలేకపోయింది.

అపోహ: "రింగు కింద స్ప్రింగులుంటాయి, పరుపు మీద పడినట్టే. దెబ్బే తగలదు."

ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. రింగంటే ఉక్కు చట్రం, దాని మీద చెక్కపలకలు, ఆ పైన పలుచటి ఫోమ్, దాని మీద లాగి కట్టిన కాన్వాసు. పెద్ద కంపెనీల్లో ఒక్కో వైపు 20 అడుగులు, చిన్న షోల్లో కొంచెం తక్కువ. చట్రం కాస్త ఊగుతుంది కాబట్టి ప్రాణాలు దక్కుతాయి, నొప్పి మాత్రం తప్పదు. తాళ్లు కూడా మెత్తగా ఉండవు. చాలా రింగుల్లో రబ్బరు గొట్టంలో ఉక్కు తీగ దూర్చి బిగిస్తారు. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు వాటి మీదికి పరిగెత్తీ పరిగెత్తీ చంక కింద, వీపు మీద చర్మం కమిలిపోతుంది.

మొదట నేర్పేది కొట్టడం కాదు, పడటం. మా భాషలో బంప్ అంటాం. గడ్డం గుండెకు ఆనించాలి, వీపు మొత్తం ఒకేసారి నేలకు తగలాలి, చేతులతో కాన్వాసును చరచాలి, ఊపిరి వదిలేయాలి. తల వెనక్కి వాలిందంటే అంతే. పిడిగుద్దులు బలం తగ్గించి వేసేవి, చప్పుడు కోసం కాలు నేలకేసి కొట్టేవి ఉన్నాయి, కాదనను. కానీ చాచిన చేత్తో రొమ్ము మీద కొట్టే చాప్ నిజమైన దెబ్బ. మొదటి వరుసలో కూర్చున్నవాళ్లకు ఆ చప్పుడు వినబడుతుంది, ఎర్రగా తేలిన వేళ్ల ముద్రలు కనబడతాయి. టీవీలో ఆ చప్పుడు సగమే వస్తుంది. రక్తం విషయంలో టమాటా సాస్ అనేవాళ్లు కూడా ఉన్నారు. కనిపించేది చాలాసార్లు నిజం నెత్తురే.

నా పనిలో ముఖ్యమైన భాగం ఇక్కడే ఉంది. పడినవాడి చెయ్యి పట్టుకుంటాను. బాగానే ఉంటే వేళ్లు నొక్కుతాడు. నొక్కకపోతే రెండు చేతులూ అడ్డంగా ఎత్తి ఎక్స్ గుర్తు చూపిస్తాను. అది లోపలి డాక్టరుకు సైగ. 1999లో అమెరికాలోని కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే మల్లయోధుడు పైకప్పు నుంచి తాడుతో దిగుతూ రింగులో పడి చనిపోయాడు. హాల్లో చాలామంది అది కూడా షోలో భాగమే అనుకున్నారు. ఆ రోజు గురించి చదివిన ఏ రిఫరీ కూడా పడినవాడి చెయ్యి పట్టుకోవడం మర్చిపోడు.

అపోహ: "టీవీలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది కదా!"

కనిపిస్తుంది. కానీ కెమెరా చూపించిందే చూడాలి. హాల్లో అయితే ఒకడు గెలిచి చేతులెత్తుతుంటే, ఓడినవాడు గోడవారగా ఎలా నడిచి వెళ్తున్నాడో మీరు చూడొచ్చు. నా లెక్కలో మంచి నటన అక్కడే ఉంటుంది.

పైగా టీవీకి రాని హౌస్ షోలు వేరే రుచి. టీవీ వాళ్ల నిమిషాల లెక్క ఉండదు కాబట్టి మల్లయోధులు ముందు వరుస పిల్లలతో మాట్లాడతారు, తిట్టినవాడిని వెతికి మరీ జవాబు చెబుతారు. 2017 డిసెంబరులో ఢిల్లీలో ట్రిపుల్ హెచ్, జిందర్ మహల్ తలపడ్డారు. టీవీ కథలో జిందర్ విలన్. ఢిల్లీలో మాత్రం మ్యాచ్ అయ్యాక ఇద్దరూ కలిసి భాంగ్రా వేశారు. అలాంటిది ఆ హాల్లో ఉన్నవాళ్లకే దక్కుతుంది.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి డబ్ల్యూడబ్ల్యూఈ స్టార్ జాన్ సీనా వచ్చాడు. సెత్ రోలిన్స్‌తో జోడీ కట్టి లుడ్విగ్ కైజర్, జియోవానీ విన్చీలతో ఆడాడు. మావైపు నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లొచ్చిన కుర్రాళ్లను అడిగితే మ్యాచ్‌లో ఏం జరిగిందో సరిగా చెప్పలేరు. సీనా రింగుకు వచ్చేటప్పుడు వేసే పాట మొదలైన క్షణం గురించి మాత్రం ఆపకుండా చెబుతారు.

అపోహ: "అది మగపిల్లల పిచ్చి."

హర్యానా అమ్మాయి కవితా దేవి 2017లోనే సల్వార్ కమీజ్ కట్టుకుని డబ్ల్యూడబ్ల్యూఈ రింగులో దిగింది. అదే హైదరాబాద్ షోలో రియా రిప్లీ, నటాల్యా ఆడారు. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అపోహ: "మనవైపు దీనికి సంబంధమేంటి?"

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఏం చేశారు? సర్కస్ డేరాలో జనం ముందు గొలుసులు తెంపారు, కార్లు ఆపారు, గుండె మీద ఏనుగును ఎక్కించుకున్నారు. బలం చాలామందికి ఉంటుంది. దాన్ని డేరాలో చివరి వరుసవాడికి కూడా ఒళ్లు జలదరించేలా చూపించడం వేరే విద్య. మా రింగులో నడిచేది ఆ విద్యే. ఇక ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. విజయనగరం దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం సాధించింది. మనిషిని భుజం మీదికెత్తి, వాడికి దెబ్బ తగలకుండా దించాలంటే కాళ్లలో, నడుములో ఆ బలమే కావాలి. మన పిల్లల్లో అది ఉంది. నేర్పేవాళ్లు, ఆడించే రింగు దగ్గర్లో లేకపోవడమే లోటు.

అపోహ: "షో చూస్తే పిల్లలు చెడిపోతారు, ఇంట్లో అవే చేస్తారు."

ఈ భయం నిరాధారం కాదు. మెడ మీద పడే పట్లు ఇంట్లో మంచం మీద కూడా చేయకూడదు, తమాషాకైనా. ఆ మాట మీరు చెబితే అమ్మానాన్నల మాటలా ఉంటుంది. హాల్లో దగ్గర నుంచి పడిన చప్పుడు విన్న పిల్లాడికి అది ఎంత బరువైన పనో తెలుస్తుంది. పక్కన కూర్చుని, పడటం నేర్చుకోవడానికే నెలలు పడుతుందని చెప్పండి.

పిల్లలతో మొదటిసారి వెళ్తుంటే నేల మీద వేసిన ఖరీదైన కుర్చీల జోలికి పోకండి. మొదటి రెండు వరుసలు దాటితే ముందువాళ్లు లేచి నిలబడతారు, పిల్లలకు వీపులు తప్ప ఏమీ కనబడవు. గ్యాలరీలో కింది మెట్లు తీసుకోండి. రింగు మొత్తం కనిపిస్తుంది, మల్లయోధులు నడిచొచ్చే దారి కూడా. ఎవరి పేరూ తెలియకపోయినా ఫర్వాలేదు. మొదటి మ్యాచ్ సగం అయ్యేసరికి ఎవరి వైపు అరవాలో మీకే తెలుస్తుంది. గట్టిగా అరవండి, రింగులో ఉన్న మాకు వినబడుతుంది.