తూకం సరిపోతే కాసు అసలుదేనా?

బ్రిటిష్ సావరిన్ నాణెం బరువు 7.988 గ్రాములు. కోస్తా ఊళ్లలో "కాసు బంగారం" అనగానే ఎనిమిది గ్రాములు లెక్కేసుకునే అలవాటు ఈ నాణెం నుంచి వచ్చిందే. 1816లో బ్రిటన్ చేసిన నాణేల చట్టం ఈ బరువును ఖాయం చేసింది. మరుసటి ఏడాది అచ్చు మొదలైంది. ఇందులోది 22 క్యారెట్ల బంగారం. అంటే పన్నెండు పాళ్లలో పదకొండు మేలిమి, మిగిలిన పాలు చాలావరకు రాగి. వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52 మిల్లీమీటర్లు. 1918లో బొంబాయిలో కూడా దాదాపు 13 లక్షల సావరిన్లు అచ్చు వేశారు. కాబట్టి మన ఇళ్లలో బీరువా అడుగున ఇవి కనబడితే వింతేమీ కాదు.

అలాంటిది చేతికి రాగానే ఎవరైనా ముందు చేసే పని తూకం వేయడం. 0.01 గ్రాము వరకు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటాలు ఇప్పుడు చవకగానే దొరుకుతున్నాయి. చేతులు మారుతూ తిరిగిన నాణెం అరుగుతుంది. బ్రిటిష్ చట్టం ఆ అరుగుదలకూ హద్దు పెట్టింది. 7.938 గ్రాముల కంటే తగ్గితే అది చెల్లుబాటు కాదు. అంటే ఒక జీవితకాలం వాడకానికి ఇచ్చిన వెసులుబాటు 0.05 గ్రాములే! బరువు తగ్గితే అందరూ కంగారు పడతారు కానీ, ఎక్కువ చూపించినా అనుమానించాల్సిందే. గొలుసుకు వేలాడదీయడానికి ఎప్పుడో కొక్కెం అతికించి, తర్వాత తీసేసి ఉంటే మాత్రం టంకం మిగిలిపోయి తూకం కాస్త పెరగవచ్చు.

కాటా గురించి ఒక చిన్న విషయం. అది నిజానికి కొలిచేది భూమి లాగే బలాన్ని. ఆ లాగుడు లండన్‌లో కంటే హైదరాబాద్‌లో సుమారు 0.3 శాతం తక్కువ. లండన్‌లో సరిచేసిన కాటాను తెచ్చి ఇక్కడ అలాగే వాడితే, నిఖార్సైన సావరిన్ కూడా 0.02 గ్రాములు తక్కువ తూగుతుంది. అరుగుదలకు ఇచ్చిన వెసులుబాటులో దాదాపు సగం అక్కడే పోయింది. అందుకే కాటాను ముందు ప్రామాణిక తూకపు రాయితో సరిచూసుకోవాలి. రెండు పళ్లేల త్రాసుకు ఈ బాధ లేదు. లాగుడు తగ్గితే రెండు వైపులా ఒకేలా తగ్గుతుంది.

సరే, కాటా 7.98 చూపించిందనుకుందాం. దాంతో తేలిందేమిటి? ఏమీ లేదు. 7.98 గ్రాముల ఇత్తడి ముక్క కూడా 7.98 గ్రాములే తూగుతుంది. నకిలీని పట్టించేది బరువు కాదు, ఆ బరువు ఎంత చోటులో ఇమిడిందన్నది. మేలిమి బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. రాగి కలిసిన 22 క్యారెట్లది సుమారు 17.6. సీసం 11.3, వెండి 10.5, ఇత్తడి 8.5 దగ్గరే ఆగిపోతాయి. సరిగ్గా సావరిన్ సైజులోనే ఇత్తడితో నాణెం చేస్తే నాలుగు గ్రాములు కూడా తూగదు. బరువు కలిసేలా చేస్తే మందం రెట్టింపు దాటిపోతుంది.

19వ శతాబ్దపు ఇంగ్లండ్ దుకాణదారులు ఈ సూత్రాన్ని ఒక బుల్లి ఇత్తడి పరికరంలో పెట్టి వాడుకున్నారు. అది ఊయల బల్లలా ఊగే చిన్న తులాదండం. ఒక చివర బరువు, రెండో చివర నాణెం దూరేంత సన్నని చీలిక. నాణెం బరువు తక్కువైతే దండం వాలదు. మందంగానో పెద్దదిగానో ఉంటే అసలు చీలికలో పట్టదు. బరువు, వ్యాసం, మందం మూడూ ఒక్క క్షణంలో తేలిపోతాయి. అంకెలు లేవు, లెక్క లేదు. ఇంత తెలివైన పరికరాలు నాకు అరుదుగా కనబడ్డాయి.

ఇంట్లో అయితే నీళ్లతో చూడవచ్చు. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కాటా చూపించే అంకె ఆ నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. సావరిన్ అయితే 0.45 గ్రాములు రావాలి. నాణెం బరువును దానితో భాగిస్తే సాంద్రత వచ్చేస్తుంది. పైన చెప్పిన లండన్, హైదరాబాద్ తేడా కూడా ఈ భాగహారంలో కొట్టుకుపోతుంది. అదే బరువున్న సీసం ముక్క అయితే 0.70, ఇత్తడి అయితే 0.94 చూపిస్తుంది. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి నీళ్లలో ఒక చుక్క సబ్బు వేస్తే మంచిది.

ఈ పరీక్ష ఎంత సూక్ష్మంగా పట్టగలదంటే, మరీ అంత కాదు. 0.45లో కాటా 0.01 అటూ ఇటూ అయినా రెండు శాతం తేడా. 21 క్యారెట్ల నాణెం 0.47 చూపిస్తుంది. ఆ రెంటినీ ఈ కాటాతో ధీమాగా విడదీయలేం.

బంగారంతో పోటీపడే బరువైన లోహాల్లో నకిలీలకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. ప్లాటినం సాంద్రత 21.4. ఇప్పుడంటే ప్లాటినంతో దొంగ నాణెం చేస్తామంటే నవ్వుతారు గానీ, 19వ శతాబ్దంలో అది బంగారం కంటే బాగా చవక. తగినంత రాగి కలిపి సాంద్రత దించి, పైన బంగారు పూత పూసిన దొంగ సావరిన్లు అప్పట్లో నిజంగానే తిరిగాయి. త్రాసూ నీళ్లూ రెండూ వీటికి లొంగిపోతాయి. పూత అరిగిన అంచు దగ్గర తెల్లగా కనిపించడమే వీటిని పట్టిస్తుంది.

ఇవాళ్టి టెన్షన్ టంగ్‌స్టన్. దాని సాంద్రత 19.25. పది గ్రాముల మేలిమి ముక్కను, అంతే బరువున్న టంగ్‌స్టన్‌ను నీళ్లలో ముంచితే తేడా 0.002 గ్రాములు కూడా ఉండదు. మన కాటా దాన్ని కనిపెట్టలేదు. దుకాణంలోని క్యారెట్ మీటర్ ఎక్స్-రేలు పైపొరను మాత్రమే చదువుతాయి. అయితే శబ్దం బంగారంలో కంటే టంగ్‌స్టన్‌లో చాలా వేగంగా వెళ్తుంది, విద్యుత్తేమో బంగారంలోనే బాగా పారుతుంది. పెద్ద కడ్డీలకు ఆ పరీక్షలు చేస్తారు. టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీలు దాటాలి, పైగా పెళుసు. చిన్న నాణెంలో దాన్ని దాచి, పైన అచ్చు శుభ్రంగా పడేలా చేయడం కష్టం. దొంగలకు కడ్డీలే అనుకూలం.

చివరికి ఏ సాంద్రతా పట్టుకోలేని నకిలీ ఒకటుంది: అసలు బంగారంతోనే చేసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సావరిన్ ధర అందులోని బంగారం ధర కంటే బాగా పైన ఉండేది. ఆ తేడా కోసమే ఇటలీ, లెబనాన్‌లలో దొంగ టంకశాలలు పూర్తి బరువుతో, దాదాపు సరైన మేలిమితో సావరిన్లు అచ్చు వేశాయి. వాటికి అడ్డుకట్ట వేయడానికి కూడా బ్రిటన్ 1957లో మళ్లీ సావరిన్ల తయారీ మొదలుపెట్టింది. కరిగించి గాజులు చేయించేవాళ్లకు ఈ నకిలీతో నష్టం పెద్దగా ఉండదు. అదనంగా డబ్బు పెట్టి పాత నాణెంగా కొనేవాళ్లు మాత్రం కాటా పక్కన పెట్టి, భూతద్దం పట్టుకుని అక్షరాల అంచులు, పక్క గాట్లు, టంకశాల గుర్తు చూడాల్సిందే. బొంబాయి సావరిన్ అయితే గుర్రం మీది సెయింట్ జార్జ్ బొమ్మ కింద, 1918 అంకెకు కాస్త పైన, చిన్న ఇంగ్లిష్ "I" అక్షరం ఉంటుంది.