డబ్బా మీద చీటీ

చిట్టికి, బుజ్జిగాడికి, వాళ్ల భుజాల మీంచి తొంగిచూసి ఉత్తరం లాక్కునే మిగతా కోతిమూకకీ,

తాతయ్య దీవెనలు.

మీ ఉత్తరం అందింది. పరీక్షల ఊసెత్తకుండా నాలుగు పేజీలు నింపారంటేనే మార్కుల సంగతి అర్థమైంది. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం. చిట్టి ఆఖరి పేజీ అంచున ఇరికించి రాసిన ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుని వదలడం లేదు. మొన్న ప్రార్థనకి చిరుగుల ప్యాంటు వేసుకుని, చేతుల నిండా పచ్చబొట్లతో ఒక అన్న వచ్చాడనీ, ముందు వరసలో కూర్చోబోతే పెద్దవాళ్లు మొహమొహాలు చూసుకున్నారనీ, అతను లేచి వెనక్కి వెళ్లి, కాసేపు నిలబడి, ప్రార్థన అవకుండానే వెళ్లిపోయాడనీ రాసింది. "తాతయ్యా, దేవుడికి బట్టలు కనిపిస్తాయా?" అని అడిగింది.

దేవుడి సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు మనుషుల కళ్ల సంగతి చూద్దాం.

మీ నానమ్మ వంటింటి అలమర గుర్తుందిగా? బిస్కెట్ల డబ్బా అని బుజ్జిగాడు మూత తీసి చెయ్యి పెడితే సూది గుచ్చుకుంది. లోపల ఉన్నవి దారపుండలూ గుండీలూ. కాఫీపొడి సీసాలో ఉప్పు. "పంచదార" అని చీటీ అంటించిన డబ్బాలో పంచదార ఉండడం మానేసి ఎన్నాళ్లయిందో నానమ్మకే తెలీదు. అయినా ఆ చీటీలు ఉత్తినే అంటించలేదు. అంటించిన రోజున అవి నిజమే. వంట తొందరలో ప్రతి మూతా తీసి వాసన చూస్తూ కూర్చుంటే అన్నం ఎప్పటికి ఉడకాలి?

మతాలు పెట్టుకున్న గుర్తులు కూడా ఇలాంటి చీటీలే. బొట్టు, విభూతి, సిలువ, టోపీ, తలపాగా, ముసుగు, గడ్డం, కాషాయం. ముక్కూమొహం తెలియని చోట దిగిన మనిషికి వాటిని చూస్తే తనవాళ్లున్నారని ధైర్యం వస్తుంది. వేసుకున్నవాడికి కూడా, అద్దంలో చూసుకున్నప్పుడల్లా, తాను ఫలానా విధంగా బతుకుతానని మాటిచ్చిన సంగతి గుర్తొస్తుంది. అందుకే గుర్తులన్నీ వేషాలేనని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రార్థనకి ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లమని మీ అమ్మ చెప్తే వినండి. అది మర్యాద. అయితే ఆ మర్యాద ఎవరికి వాళ్లు పాటించాల్సింది. దాన్ని గజంబద్దలా చేతబట్టుకుని పక్కవాణ్ణి కొలవడం మొదలెడితేనే గొడవ.

మామూలు చోట్ల కంటే ప్రార్థన చేసుకునే చోట ఈ కొలత ఎక్కువగా జరుగుతుంది. ఎందుకో చెప్తాను. బజార్లో మాసిన చొక్కా వేసుకున్నవాణ్ణి చూస్తే "పాపం, డబ్బు లేదేమో" అనుకుని ఊరుకుంటాం. ప్రార్థన దగ్గర అదే చొక్కా చూస్తే "భక్తి లేదు" అనేస్తాం. డబ్బా మీద చీటీ లేకపోతే డబ్బా ఖాళీ అని తీర్మానించినట్టు. చీటీ తడిసి ఊడిపోయి ఉండొచ్చు, అసలు అంటించడం చేతకాక ఉండొచ్చు, పెద్ద అక్షరాలతో అంటించుకోవడం ఇష్టం లేకపోయి ఉండొచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ చూపుల్లో సగానికి పైగా ఆడపిల్లల మీదే పడతాయి. జుట్టు విరబోసుకుందని ఒకరు, ముసుగు జారిందని ఒకరు, మరీ కప్పుకుందని ఇంకొకరు. మగపిల్లాడు నలిగిన చొక్కాతో వచ్చినా అంతగా పట్టించుకోరు. చిట్టీ, నువ్వు ఈపాటికే గమనించే ఉంటావు.

చూడగానే మనసులో ఏదో ఒకటి అనుకోవడం తప్పా అంటే, అది మన చేతిలో లేదు. 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు జనానికి తెలియని మొహాల ఫొటోలు చూపించి, ఈ మనిషిని నమ్మొచ్చా అని అడిగారు. సెకనులో పదోవంతు సేపు చూపించినా జనం ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఇంకాస్త ఎక్కువసేపు చూపిస్తే ఏమైందనుకుంటున్నారు? చాలామట్టుకు అదే నిర్ణయం. తామనుకున్నదే నిజమన్న ధీమా మాత్రం పెరిగింది! కాబట్టి మొదటి ఊహ గురించి సిగ్గుపడనక్కర్లేదు. దాన్ని కూర్చోబెట్టి మర్యాదలు చేయకుండా ఉంటే చాలు.

మా చిన్నతనంలో ప్రార్థన ఎంతకీ అవకపోతే నేనూ మా అన్నయ్యా మెల్లగా బయటికి జారుకునేవాళ్లం. గుమ్మం దగ్గర చెప్పుల రాశి ఉండేది. దాని పక్కన కూర్చుని ఒక ఆట ఆడేవాళ్లం. ఏ జత ఎవరిదో ముందే చెప్పాలి. జనం బయటికొచ్చాక ఎవరి ఊహ నిజమైతే వాణ్ణి రెండోవాడు వీపున ఎక్కించుకుని ఇంటిదాకా మోయాలి. మెరిసే బూట్లు ఎవరో పెద్ద ఉద్యోగివని పందెం కాస్తే, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న కుర్రాడొచ్చి తొడుక్కుని పోయేవాడు. తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పులు మా లెక్కల మాస్టారివి. ఒక్కోసారి మా ఊహ నిజమయ్యేది కూడా, లేకపోతే ఆటలో మజా ఏముంది? మా ఆటను ఎప్పుడూ పాడుచేసే ఒక ముసలాయన ఉండేవాడు. ప్రార్థన ముగిసే ముందే బయటికొచ్చి, విసిరేసినట్టు పడి ఉన్న చెప్పులన్నీ జతలు కలిపి, ఎవరికి వాళ్లు కాలు దూర్చగానే నడిచిపోయేలా బయటివైపు తిప్పి పెట్టేవాడు. కొత్తవీ పాతవీ అని చూసేవాడు కాదు. మేం గుర్తుపెట్టుకున్న స్థానాలన్నీ తారుమారు. అన్నయ్య పళ్లు కొరికేవాడు. ఆయన ఏ బట్టలు కట్టేవాడో, నుదుట ఏదైనా ఉండేదో లేదో ఎంత ఆలోచించినా ఇప్పుడు గుర్తు రావడం లేదు. వంగినప్పుడల్లా మోకాలు టక్కుమనేది. అదొక్కటే గుర్తుంది.

సరే, రామాయణంలోకి వద్దాం. మీకు తెలిసిన కథే, కానీ వేషాలను మాత్రమే గమనిస్తూ చదివితే ఎంత బాగుంటుందో చూడండి.

అరణ్యకాండలో రావణుడు సీతమ్మ పర్ణశాలకి ఎలా వచ్చాడు? మెత్తటి కాషాయం, పిలక, గొడుగు, కాళ్లకి చెప్పులు, ఎడమ భుజాన దండం, కమండలం. నోట వేదం కూడా. ఏ లోటూ లేని చీటీ! వచ్చినవాడు అతిథి, పైగా బ్రాహ్మణ వేషంలో ఉన్నాడు, అందుకని ఆ తల్లి ఆసనమిచ్చి, కాళ్లకు నీళ్లిచ్చింది. బదులు చెప్పకపోతే శపిస్తాడేమోనని తన సంగతంతా చెప్పింది కూడా. కానీ నోరు విప్పినవాడు మాట్లాడిందేమిటి? ఆవిడ అందచందాల గురించి. సన్న్యాసి మాట్లాడాల్సిన మాటలా అవి? డబ్బా మీద చీటీ ఒకటి, మూత సందులోంచి వచ్చే వాసన ఇంకొకటి.

తర్వాత కిష్కింధకాండలో సుగ్రీవుడు కొండ మీంచి చూశాడు. నార బట్టలు కట్టుకుని, పెద్ద పెద్ద విల్లులు పట్టుకుని ఇద్దరు వస్తున్నారు. అతనికి గుండె జారిపోయింది. "వీళ్లు మునులు కారు, మా అన్న వాలి పంపిన గూఢచారులు, మారువేషంలో వచ్చారు" అన్నాడు. ఈసారి వేషం నిజం! రామలక్ష్మణులు తండ్రి మాట కోసం నిజంగానే ఆ నార బట్టలు కట్టారు. రావణుడు సన్న్యాసిగా చెల్లిపోయాడు, రాముడు దొంగ ముని అయ్యాడు. సుగ్రీవుడి లాంటివాళ్లు ఇప్పుడూ ఉన్నారు. ఒళ్లంతా గుర్తులు కనిపిస్తే చాలు, "ఏం పాపాలు చేశాడో, ఇంత కప్పెట్టుకుంటున్నాడు" అంటారు. తెలివిగా మాట్లాడామనుకుంటారు. చీటీని గుడ్డిగా నమ్మినవాడూ, చీటీ ఉంది కాబట్టే దొంగ సరుకన్నవాడూ ఇద్దరూ మూత తీయనివాళ్లే.

ఆ సుగ్రీవుడు హనుమంతుణ్ణి పంపితే ఆయన కూడా భిక్షువు వేషంలోనే వెళ్లాడు. అంటే మూడో వేషం. రాముడేం చేశాడు? మాటలు విన్నాడు. చివరిదాకా. విన్నాక తమ్ముడితో అన్నాడు: ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు, సాగదీయలేదు, తొందరపడలేదు, మొహంలో గానీ కనుబొమల్లో గానీ ఏ వికారమూ లేదు, వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడు అని. కాషాయం గురించి ఒక్క ముక్క కూడా అనలేదు. నాకు అన్ని కాండల్లోనూ ఆ ఘట్టమే ఇష్టం. మీ నాన్నకి యుద్ధకాండ ఇష్టం, వాడికి చిన్నప్పటినుంచీ అంతే.

ఇప్పుడు చిట్టి ప్రశ్న. నాకు దేవుడు ఉత్తరాలు రాయడు గానీ, ఆయన గురించి రాసినవాళ్లు మాత్రం ఒకే మాట మీద ఉన్నట్టు కనిపిస్తుంది. బైబిల్లో సమూయేలు ప్రవక్త, కాబోయే రాజును ఎంచడానికి యెష్షయి అనే ఆయన దగ్గరికి వెళ్లి, పెద్దకొడుకు ఎత్తూ రూపమూ చూసి ఇతనేననుకున్నాడు. మనుషులు పైరూపం చూస్తారు, నేను హృదయాన్ని చూస్తాను అని దేవుడు ఆయనకి చెప్పాల్సి వచ్చింది. ఎంచుకున్నది గొర్రెలు కాస్తున్న ఆఖరి పిల్లాణ్ణి, దావీదుని. అల్లాహ్ మీ రూపాలను, సంపదలను చూడడు, మీ హృదయాలను, పనులను చూస్తాడని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు ఆయన మాటల సంకలనం సహీహ్ ముస్లింలో ఉంది. వినడానికి ఎంత బాగుంది! అయినా అవి చదివినవాళ్లే మర్చిపోతారు. బైబిల్లోనే యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఒక మందలింపు ఉంది. బంగారు ఉంగరం, మంచి బట్టలతో వచ్చినవాణ్ణి "ఇక్కడ కూర్చోండి" అంటారు, మాసిన బట్టల పేదవాణ్ణి "అక్కడ నిలబడు" అంటారు, ఇదేం పద్ధతి అని. అంత స్పష్టంగా రాసిపెట్టినా, 19వ శతాబ్దంలో కూడా ఇంగ్లండులో, అమెరికాలో ఎన్నో చర్చిల్లో బెంచీలకి అద్దె వసూలు చేసేవారు. డబ్బున్న కుటుంబాలకి మంచి చోట్లు, లేనివాళ్లకి మిగిలినవి.

అసలు బట్టల తేడానే లేకుండా చేస్తే? ఆ ప్రయత్నమూ జరిగింది. హజ్‌లో మగవాళ్లు కుట్టులేని రెండు తెల్లబట్టలే కట్టుకుంటారు. రాజైనా కూలీ అయినా అంతే. సిక్కుల లంగరులో, అంటే గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనం దగ్గర, అందరూ ఒకే వరసలో కింద కూర్చుని తింటారు. గొప్ప ఏర్పాట్లు. కానీ వంకలు వెతికే కన్ను ఆ తెల్లబట్టలో కూడా నేత తేడా పట్టేస్తుందని నా అనుమానం.

ఇక్కడ నా డబ్బాల ఉపమానానికి ఓపిక అయిపోయింది. ఎందుకంటే డబ్బాకి తనను చూస్తున్నారని తెలీదు, మనిషికి తెలుస్తుంది. బిస్కెట్ల డబ్బాని వెయ్యిమంది ఎగాదిగా చూసినా లోపలి గుండీలు మారవు. మనిషి అలా కాదు. లోపల ఎంతో ఆశతో వచ్చినవాడు కూడా ఆ చూపులకి ముడుచుకుపోతాడు. పైగా మూత తీసి చూద్దామన్నా మనిషికి మూత ఎక్కడుంటుంది? అతనంతట అతను చెప్పినంతే మనకు తెలిసేది. నానమ్మతో ఇన్నేళ్లు కాపురం చేశాను, నిన్న సాయంత్రం ఆవిడ ఎందుకు నవ్విందో నాకిప్పటికీ తెలీదు.

అందుకని ఇక చెప్పడం ఆపి, మీకో పని అప్పజెప్తాను. ఈసారి ప్రార్థనకి వెళ్లినప్పుడు కాస్త ముందుగా వెళ్లి గుమ్మానికి దగ్గరగా కూర్చోండి. మొదటిసారి వచ్చినవాళ్లని బట్టల్ని బట్టి కాకుండా వాళ్లు చేసే పనిని బట్టి పోల్చుకోండి. చెప్పులు ఎక్కడ విడవాలో వెతుక్కుంటారు. అందరూ లేచాక ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తారు, చేతులు ఎలా పెట్టుకోవాలో పక్కవాళ్లని చూసి నేర్చుకుంటారు. వాళ్ల దగ్గరికి ముందు ఎవరు వెళ్లారో చూడండి. వెళ్లినవాళ్ల మొదటి మాట పలకరింపా, లేక "అలా కూర్చోకూడదు" అన్న దిద్దుబాటా? అది వినండి. ఎవరూ వెళ్లకపోతే మీరే జరిగి చోటివ్వండి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక తడబడితే మెల్లగా చెప్పండి. పేరు అడగండి. అంతకుమించి ఏమీ అడగొద్దు, చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు.

ఏం జరిగిందో నాకు వివరంగా రాయండి. చిట్టీ, నువ్వు చూసినది మాత్రం రాయి, ఊహించింది వద్దు. బుజ్జిగాడిని కూడా ఒక పేజీ రాయమను, బొమ్మలు వేసి తప్పించుకోకుండా.

మీ తాతయ్య