ఉత్తర్వు ఒకరిది, రాళ్లదెబ్బలు ఇంకొకరికి

2020 ఏప్రిల్ 19న అమెరికాలోని డెన్వర్‌లో లాక్‌డౌన్ ఎత్తేయాలంటూ నిరసనకారులు కార్లలో హారన్లు మోగిస్తూ కొలరాడో కేపిటల్ భవనం దగ్గరికి చేరారు. అక్కడికి దగ్గర్లోని ఒక కూడలిలో, ఆస్పత్రి దుస్తులు, ఎన్95 మాస్కులు వేసుకున్నవాళ్లు వచ్చి కార్లకు అడ్డంగా నిలబడ్డారు. నినాదాల్లేవు, ప్లకార్డుల్లేవు. చేతులు కట్టుకుని నిలుచున్నారంతే. కారు కిటికీలోంచి బయటికి వంగిన ఒక మహిళ ‘ఇది స్వేచ్ఛా దేశం, చైనాకు పో’ అని వాళ్ల మీద కేకలు వేసింది. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి.

అవి చప్పట్ల రోజులు కూడా. ఇటలీలో బాల్కనీల్లో పాటలు, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో రాత్రి 8 గంటల చప్పట్లు, భారత్‌లో మార్చి 22 సాయంత్రం 5 గంటలకు పళ్లేల మోత, బ్రిటన్‌లో మార్చి 26 నుంచి వరసగా పది గురువారాలు గుమ్మాల్లో కరతాళధ్వనులు. మరోపక్క, మహమ్మారి మొదలైన తొలి ఆరు నెలల్లో 40కి పైగా దేశాల్లో వైద్య సిబ్బంది, రోగులు, ఆస్పత్రుల మీద కరోనాతో ముడిపడిన 611 దాడులు, వేధింపులు జరిగాయని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ లెక్కగట్టింది.

దీనికి అప్పట్లో ఎక్కువగా వినిపించిన కారణం ఒకటే: జనానికి అవగాహన లేదు, పుకార్లు నమ్ముతున్నారు. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. పాత మహమ్మారుల చరిత్ర తిరగేస్తే, గొడవ బాగా ముదిరిన చోట ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. సేవ చేసే పనీ, బలవంతం చేసే పనీ ఒకే మనిషి నెత్తిన పెట్టారు. ఉత్తర్వు మీద సంతకం చేసినవాళ్లు ఎక్కడో ఉంటారు. దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వచ్చినవాళ్లే జనానికి దొరుకుతారు.

1665 ప్లేగులో లండన్‌నే చూడండి. రోగం సోకిన ఇంటికి బయటినుంచి తాళం వేసి, తలుపు మీద ఎర్ర శిలువ గుర్తు గీసి, పగలొకరు రాత్రొకరు చొప్పున కాపలా పెట్టారు. లోపల రోగి ఒక్కడే కాదు, ఇంటిల్లిపాదీ ఉండిపోవాల్సిందే. వాళ్లకు కావలసిన సరుకులు తెచ్చిపెట్టే బాధ్యత కూడా ఆ కాపలావాడిదే. పని మీద వెళ్లేటప్పుడు తాళం వేసి, తాళంచెవి తనతో తీసుకెళ్లాలని నగరపాలకుల ఉత్తర్వులోనే రాసి ఉంది. తిండి తెచ్చే చెయ్యీ అతనిదే, తాళంచెవీ అతని దగ్గరే. అతన్ని కొట్టి పారిపోయినవాళ్లు, ఏమార్చి వెనకదారిన జారుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎవరు ఏ జబ్బుతో పోయారో శవాన్ని చూసి చెప్పే పని పేద ముసలి ఆడవాళ్లకు అప్పగించారు. వాళ్లలో చాలామంది వితంతువులు, స్థానిక చర్చి ఇచ్చే పేదల భత్యం మీద బతికేవాళ్లు. ఈ పని చేయనంటే ఆ భత్యం పోయే ప్రమాదం. వాళ్లు ‘ప్లేగే’ అంటే ఆ ఇంటికి తాళం పడుతుంది. కాబట్టి బతిమాలేవాళ్లు, లంచమిచ్చేవాళ్లు, బెదిరించేవాళ్లు అందరూ వాళ్ల చుట్టూనే చేరేవారు. ఈ ఆడవాళ్లూ, రోగుల్ని చూసుకునే నర్సులూ, శవాల్ని పాతిపెట్టేవాళ్లూ వీధిలో నడిస్తే మూడడుగుల ఎర్ర కర్ర ఒకటి అందరికీ కనిపించేలా చేత్తో పట్టుకోవాలి. అది చూసి జనం పక్కకు తప్పుకునేవారు. నగరం ఎవరి మీద ఆధారపడి నడిచిందో వాళ్లనే దూరంగా ఉంచే ఏర్పాటు అది.

కలరా నాటికి కోపం కాపలావాళ్ల మీదనుంచి డాక్టర్ల మీదికి మళ్లింది. 1831లో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మనుషుల్ని బలవంతంగా బండ్లలో ఎక్కించి తీసుకెళుతున్నారని మండిపడ్డ గుంపు సెన్నాయా కూడలి దగ్గర కలరా ఆస్పత్రిలోకి చొరబడి డాక్టర్లను చంపింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో మే 29కీ జూన్ 10కీ మధ్య ఎనిమిది సార్లు వీధి అల్లర్లు జరిగాయి. రోగుల్ని ఆస్పత్రికి మోసుకెళ్లేవాళ్లను అడ్డగించారు, ఆస్పత్రి కిటికీలు పగలగొట్టారు. డాక్టర్లు మనుషుల్ని చంపి శవాలను వైద్య పాఠాల కోసం కోతకు వాడుకుంటున్నారన్నది వాళ్ల ఆరోపణ.

ఇవాళ వింటే నవ్వొస్తుంది. కానీ ఆ ఊరివాళ్ల వైపునుంచి చూడండి. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు మనుషుల్ని చంపి, శవాలను శరీరశాస్త్ర బోధకుడికి అమ్ముకున్న సంగతి బయటపడి అప్పటికి నాలుగేళ్లు కాలేదు. అంతకు రెండేళ్ల ముందు, 1826లో, లివర్‌పూల్ రేవులోనే పీపాల్లో కుక్కి ఓడకెక్కించబోతున్న శవాలు దొరికాయి. డాక్టర్ల గురించి పేదలకు తెలిసింది అదీ. కలరా గురించి వాళ్లు పొరబడ్డారు. భయపడటానికి మాత్రం వాళ్లకు కారణం ఉంది. కాథలిక్ చర్చిల్లో ఫాదర్లు ప్రార్థనల తర్వాత జనానికి నచ్చజెప్పాక ఆ అల్లర్లు సద్దుమణిగాయి. తమాషా ఏమిటంటే, అదే ఏడాది ఆగస్టులో బ్రిటన్ పార్లమెంటు అనాటమీ చట్టం తెచ్చింది. దాని ప్రకారం, ఎవరూ అడగని పేదల శవాలు, దిక్కులేనివాళ్లను పెట్టే వర్క్‌హౌస్‌ల నుంచి చట్టబద్ధంగానే కోత బల్లల మీదికి చేరాయి.

1894లో అమెరికాలోని మిల్వాకీలో మశూచి వచ్చినప్పుడు గొడవ రోగం గురించి కానే కాదు, న్యాయం గురించి. డబ్బున్నవాళ్ల పిల్లలకు జబ్బు చేస్తే ఇంట్లోనే ఉంచుకోనిచ్చేవారు. దక్షిణాన పోలిష్, జర్మన్ వలస కుటుంబాల పేటల్లో మాత్రం పిల్లల్ని ఐసొలేషన్ ఆస్పత్రికి ఎత్తుకుపోయేవారు. ఆ ఆస్పత్రి వ్యాన్ కోసం ఆ పేటల ఆడవాళ్లు దుడ్డుకర్రలు, కూరగాయలు చిదిమే గుత్తులు, ఉప్పు, మిరియాలపొడి పట్టుకుని కాచుక్కూర్చునేవారు. ఆరోగ్య కమిషనర్ వాల్టర్ కెంప్‌స్టర్ పట్టు వీడలేదు. నగర కౌన్సిల్ ఆయన అధికారాలు కత్తిరించి, 1895లో పదవి నుంచి తప్పించింది. వైద్యం ప్రకారం చూస్తే రోగిని వేరుగా ఉంచాలన్న ఆయన మాట సరైందే. ఒక పేటకో రూలు, ఇంకో పేటకో రూలు పెట్టి ఆ సరైన మాటను ఆయనే పాడుచేసుకున్నారు.

సేవకూ జులుంకూ తేడా పక్కపక్కనే చూడాలంటే 1897 నాటి పుణె కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 4న బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సావిత్రిబాయి ఫూలే, ఆమె కొడుకు డాక్టర్ యశ్వంత్ ఊరి బయట ప్లేగు రోగుల కోసం వైద్యశాల నడిపారు. రోగం తగిలిన ఒక పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చి, తనకూ అది అంటుకుని, మార్చి 10న సావిత్రిబాయి చనిపోయారు. అదే నెలలో బ్రిటిష్ అధికారి వాల్టర్ చార్లెస్ ర్యాండ్ ఆధ్వర్యంలోని ప్లేగు కమిటీ ఇంటింటి సోదాకు సైనికులను దించింది. వంటిళ్లలోకి, దేవుడి గదుల్లోకి చొరబడ్డారని, ఆడవాళ్ల ఒంటి మీద చేతులేసి పరీక్షించారని ఊరంతా రగిలిపోయింది. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను కాల్చారు. తన పత్రికలోని రాతలకు తిలక్‌కు రాజద్రోహం కింద 18 నెలల శిక్ష పడింది. ఒకే ఊరు, ఒకే ప్లేగు. చెయ్యి వేసిన తీరులోనే తేడా అంతా.

ఆ 1897 నాటి అంటువ్యాధుల చట్టమే 2020లో భారత్‌లో మళ్లీ అక్కరకొచ్చింది. అయితే దాడులు పెరగడంతో ఏప్రిల్ 22న ఆర్డినెన్స్ తెచ్చి, వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని చేర్చారు. సోదాకు అధికారమిచ్చిన చట్టంలో, సేవ చేసేవాళ్లకు ఈ రక్షణ దొరకడానికి 123 ఏళ్లు పట్టింది.

1918 ఫ్లూ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు వ్యతిరేకుల లీగ్ కథ కరోనా కాలంలో పత్రికలన్నీ రాసేశాయి. అందులో పెద్దగా చెప్పుకోనిది ఒకటుంది. మాస్కు పెట్టుకోనన్న మనిషి మీద ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరే తుపాకీ పేల్చాడు. ఆరోగ్య శాఖ మనిషి చేతికి ఆయుధమిస్తే అతన్ని డాక్టరుగా ఎవరు చూస్తారు?

ఇక్కడిదాకా కథలో సిబ్బంది గొంతు వినపడదు. వాళ్లను కొట్టినవాళ్లో, వాడుకున్నవాళ్లో మాట్లాడతారు. 2003లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి వచ్చాక ఇది మారింది. ఏప్రిల్ 24న తైవాన్ రాజధాని తైపీలోని హోపింగ్ ఆస్పత్రిని ఉన్నపళంగా మూసేసి, లోపలున్న దాదాపు వెయ్యి మంది సిబ్బందినీ రోగులనూ లోపలే ఉంచేశారు. రోగం సోకినవాళ్లనూ సోకనివాళ్లనూ విడదీయకుండా తమను బలిపెడుతున్నారని నర్సులు బయటికొచ్చి నిరసన తెలిపారు. కెనడాలో నమోదైన సార్స్ కేసుల్లో ఐదింట రెండు వంతుల పైన వైద్య సిబ్బందివే. టొరంటోలో మే నెలలో అంతా అయిపోయిందనుకుని జాగ్రత్తలు సడలించారు. వార్డులో ఇంకా అనుమానాస్పద కేసులున్నాయని నర్సులు చెబుతూనే ఉన్నారు, పైవాళ్లు చెవిన పెట్టలేదు. రెండో విడత అక్కడినుంచే వచ్చింది. తర్వాత విచారణ జరిపిన జస్టిస్ ఆర్చీ కాంప్‌బెల్ కమిషన్ సూటిగా చెప్పింది: శాస్త్రీయంగా పూర్తి రుజువు దొరికేదాకా ఆగకుండా ముందు సిబ్బందికి రక్షణ ఇవ్వండి. 2020లో పీపీఈ కిట్లకు బదులు చెత్త సంచులు చుట్టుకుని పనిచేసిన నర్సుల ఫొటోలు వచ్చినప్పుడు ఆ నివేదిక గుర్తొచ్చినవాళ్లు ఎంతమందో!

కరోనాలో ముందు వరుస అంటే తెల్లకోటు ఒక్కటే కాదు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 2020 మేలో ఇంగ్లండ్, వేల్స్‌లో కరోనా మరణాలను వృత్తులవారీగా లెక్కేస్తే, మగవాళ్లలో సెక్యూరిటీ గార్డుల మరణాల రేటు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవాటిలో తేలింది: లక్షకు 45.7. డాక్టర్లు, నర్సుల రేటు అప్పటికి మిగతా జనం కంటే ఎక్కువేమీ లేదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్ర గవర్నరు మాస్కు ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని అమలుచేయాల్సింది మాత్రం దుకాణం గుమ్మంలో నిలబడ్డ గార్డు. మే 1న ఆ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో, పాపకు మాస్కు ఉండాలని చెప్పినందుకు ఒక గార్డును కాల్చి చంపారు. జులైలో ఫ్రాన్స్‌లోని బయోన్‌లో మాస్కులు, టికెట్ల దగ్గర మొదలైన గొడవలో బస్సు డ్రైవరును కొట్టి చంపారు. జీతం బస్సు నడపడానికి. పోలీసు పని అదనంగా తగిలించారు.

ముందు వరుసలో ఉన్నవాళ్లంతా ప్రభుత్వం పక్షాన ఉన్నారనుకోవడమూ పొరపాటే. 2020 ఫిబ్రవరి 3 నుంచి హాంకాంగ్‌లో వేలాది ఆస్పత్రి ఉద్యోగులు ఐదు రోజులు సమ్మె చేశారు. వాళ్ల డిమాండ్ లాక్‌డౌన్ ఎత్తేయమని కాదు, చైనాతో సరిహద్దు పూర్తిగా మూయమని. వూహాన్‌లో డాక్టర్ లీ వెన్‌లియాంగ్ కొత్త జబ్బు గురించి తోటి డాక్టర్లను హెచ్చరిస్తే పోలీసులు పిలిచి మందలించారు. ఫిబ్రవరి 7న ఆయన అదే జబ్బుతో చనిపోయారు. ఏప్రిల్ 28న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మాంసం ప్లాంట్లు తెరిచే ఉండాలని ఉత్తర్వు ఇచ్చాక, ఆ ప్లాంట్లలో భుజం భుజం రాసుకుంటూ పనిచేసేవాళ్లకు లాక్‌డౌన్ కావాలా వద్దా అన్న చర్చతో పనే లేకపోయింది.

ఆ చర్చ పైస్థాయిలో జరుగుతూనే ఉంది. అక్టోబరు 4న గ్రేట్ బారింగ్టన్ ప్రకటన వెలువడింది. ప్రమాదం తక్కువున్నవాళ్లు మామూలుగా తిరగాలి, వృద్ధుల్లాంటివాళ్లను ప్రత్యేకంగా కాపాడాలి అన్నది దాని సారం. అలా విడదీసి కాపాడటం జరిగేపని కాదని పది రోజులకు జాన్ స్నో మెమొరాండం బదులిచ్చింది. రెండు వైపులా పేరున్న శాస్త్రవేత్తలే. ఎవరి మాట నెగ్గినా బస్సు డ్రైవరు మాత్రం బస్సెక్కాల్సిందే.

2020 మే 16న బ్రసెల్స్‌లో సెయింట్ పియరీ ఆస్పత్రికి బెల్జియం ప్రధాని సోఫీ విల్మెస్ వచ్చారు. కారు లోపలికి వచ్చే దారికి రెండు వైపులా డాక్టర్లు, నర్సులు వరసకట్టారు. కారు దగ్గరికి రాగానే ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగి, ఆమెకు వీపు చూపించారు. తక్కువ జీతాలు, చాలని సిబ్బంది, వాటికి తోడు నర్సింగ్ చదవనివాళ్లతోనూ ఆ పని చేయించడానికి, అవసరమైతే సిబ్బందిని బలవంతంగా పనిలోకి రప్పించడానికి వీలిచ్చే ఉత్తర్వులు. ఈ నిరసన తర్వాత ప్రభుత్వం ఆ ఉత్తర్వుల మీద వెనక్కి తగ్గింది.

బ్రిటన్‌లో చప్పట్లు ఆగిన తొమ్మిది నెలలకు, 2021 మార్చిలో, నర్సుల జీతం 1 శాతం పెంచితే చాలని ప్రభుత్వం సిఫార్సు చేసింది. తర్వాత దాన్ని 3 శాతానికి పెంచినా ధరలు అంతకంటే వేగంగా పెరిగాయి. 2022 డిసెంబరు 15న నర్సుల సంఘమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన 106 ఏళ్ల చరిత్రలో ఇంగ్లండ్‌లో మొదటిసారి సమ్మెకు దిగింది. 2023 జులైలో సమ్మెల చట్టం వచ్చింది. సమ్మె రోజున కూడా ఎవరెవరు పనికి రావాలో ఆరోగ్యం, రవాణా లాంటి రంగాల్లో యాజమాన్యమే పేర్లు రాసి నోటీసు ఇవ్వొచ్చని అది చెప్పింది. మరుసటి ఏడాది అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేస్తామని ప్రకటించింది.