ప్లగ్ పీకారు సరే, నెట్ తీగ?

ఒరేయ్ పిల్లలూ,

మొన్న ఫోన్‌లో పిడుగులు పడేటప్పుడు కంప్యూటర్ ప్లగ్ పీకేయమంటే "స్విచ్ కట్టేశాం కదా తాతయ్యా, ఇంకేమవుతుంది" అన్నారు. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నా.

స్విచ్ కట్టేస్తే లోపల ఏర్పడే సందు కొన్ని మిల్లీమీటర్లే. మేఘం నుంచి కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని దిగిన పిడుగుకి అదో లెక్కా? పైగా అది మన ఇంటి మీదే పడక్కర్లేదు, దూరంగా ఏ కరెంటు తీగ పక్కనో పడినా ఒక్కసారిగా ఎగిరే ఆ వోల్టేజీ పోటు తీగ వెంబడే ఇంట్లోకి వచ్చేస్తుంది. అందుకే ప్లగ్ పీకేయాలి.

నేనూ ఒకసారి అలాగే పీకేసి, ఘనకార్యం చేసినట్టు పడుకున్నా. పొద్దున లేచి చూస్తే మోడెం పోయింది, కంప్యూటర్‌కి నెట్ కేబుల్ గుచ్చే చోట వేలిముద్రంత నల్లటి మరక, కాలిన ప్లాస్టిక్ వాసన. కరెంటు తీగ తీశాను గానీ నెట్ తీగ మర్చిపోయా! రాగి తీగ ఏదైనా పిడుగుకి దారే. ఫైబర్ అయితే గాజు కాబట్టి దాంట్లోంచి కరెంటు రాదు, కానీ ఆ ఫైబర్ వచ్చి కలిసే మోడెం డబ్బాకీ ఒక ప్లగ్ ఉంటుందిగా, అదీ తీయాలి.

సర్జ్ ప్రొటెక్టర్, అదే ఇలాంటి పోటుని ఆపే సాకెట్ల పెట్టె, కొన్నామని ధీమాగా ఉండకండి. దాంట్లో వేరిస్టర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే అదనంగా వచ్చిన కరెంటుని పక్కకి మళ్లిస్తుంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే మళ్లించడానికి చోటేదీ? తిన్న ప్రతి దెబ్బకీ ఆ బిళ్ల కాస్త అరుగుతుంది కూడా. అది పోయాక కూడా చాలా వాటిలో సాకెట్లు ఎప్పట్లాగే పనిచేస్తాయి, మనకేమో తెలీదు. అందుకే దాని మీద చిన్న లైటు ఉంటే అప్పుడప్పుడూ చూస్తుండండి. స్టెబిలైజర్ సంగతి వేరు, అది మెల్లగా పెరిగే తగ్గే వోల్టేజీకి పనికొస్తుంది గానీ రెప్పపాటు కంటే ముందే వచ్చిపోయే ఈ పోటుకి కాదు. కరెంటు పోయి వచ్చేటప్పుడూ ఇలాంటి కుదుపే ఉంటుంది, వచ్చాక కాసేపు ఆగి ప్లగ్ పెట్టండి.

ఇవన్నీ మబ్బు పట్టగానే చేయాలి. మెరుపు కనపడ్డాక ఉరుముకి మూడు సెకన్లు పడితే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. అసలు ఉరుము వినిపిస్తోందంటేనే దగ్గర్లో ఉన్నట్టు లెక్క, ఇక అప్పుడు ప్లగ్ దగ్గరికి కూడా వెళ్లొద్దు, కంప్యూటర్ పోతే పోనీ.

ఫోటోలు మాత్రం ఇంకో డ్రైవ్‌లో కాపీ చేసి, తీగ తీసి అలమరాలో పెట్టండి. కంప్యూటర్‌కే గుచ్చి ఉంచితే రెండూ కలిసే పోతాయి.

మీ తాతయ్య