దుబాయ్ స్కూల్లో టీచరు ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

మాది తెనాలి. తొమ్మిదేళ్ళుగా దుబాయ్‌లో బ్రిటిష్ సిలబస్ నడిచే ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ప్రైమరీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడల్లా బీఎడ్ చేసిన అమ్మాయిలు ఇద్దరో ముగ్గురో ఇంటికొచ్చి "అక్కా, మాకూ అక్కడ ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతారు. వస్తుంది. కానీ వాళ్ళు విని వచ్చిన మాటల్లో సగం సరైనవి కావు. వాళ్ళకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టాక్స్ లేదు కాబట్టి జీతమంతా మిగులుతుంది

జీతం మీద ఇన్‌కమ్ టాక్స్ లేదన్నది నిజమే. అయితే ఆఫర్ లెటర్ రాగానే అందరి కళ్ళూ అడుగున ఉన్న మొత్తం మీదికి పోతాయి. మీరు ముందు 'బేసిక్' ఎంతో, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం ఎంతో చూడండి. ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్క కడతారు. ఏడాది నిండితేనే అది వస్తుంది. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది.

నెలకు 10,000 దిర్హాములు తీసుకునే ఇద్దరు టీచర్లు ఉన్నారనుకోండి. ఒకరి బేసిక్ 9,000, ఇంకొకరిది 5,000. ఐదేళ్ళు చేసి మానేస్తే మొదటావిడ చేతికి 31,500 వస్తాయి, రెండో ఆవిడకు 17,500. ఇద్దరూ చేసింది ఒకటే పని. మొదటి కాంట్రాక్టు మీద నేను సంతకం పెట్టినప్పుడు ఈ లెక్క నాకు చెప్పినవాళ్ళు లేరు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను.

తర్వాత ఇల్లు. స్కూలే ఇల్లు ఇస్తుందా, అలవెన్సు ఇచ్చి ఊరుకుంటుందా అన్నది తప్పక అడగండి. ఇక్కడ అద్దె ఏడాదికి మాట్లాడుకుని, ముందే చెక్కులు రాసివ్వడం మామూలు. నాలుగు చెక్కులంటే మూడు నెలల అద్దె ఒక్కసారే పోతుంది. దానికి తోడు డిపాజిట్, బ్రోకర్ కమీషన్. ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కూడా కరెంటు, నీళ్ళ బిల్లులో నెలనెలా కలిసి వస్తుంది. అద్దె తక్కువని పక్కనున్న షార్జాలో ఉండే టీచర్లు చాలామంది. ట్రాఫిక్‌కి భయపడి వాళ్ళు తెల్లారకముందే బయల్దేరతారు.

అపోహ: ఏజెంటుకు డబ్బు కడితే వీసా ఖాయం

వీసా, రిక్రూట్‌మెంట్ ఖర్చులు యజమానే భరించాలని యూఏఈ చట్టం చెబుతోంది. విజిట్ వీసా మీద రమ్మని, "ముందు చేరండి, తర్వాత మారుస్తాం" అంటే చేరకండి. వర్క్ పర్మిట్ లేకుండా పని చేయడం చట్టవిరుద్ధం. మీరు తిరగాల్సింది సర్టిఫికెట్ల అటెస్టేషన్ కోసం, అంటే అవి అసలైనవేనని ముద్ర వేయించుకోవడం కోసం. ముందు రాష్ట్రంలో, తర్వాత మన విదేశాంగ శాఖ, ఆపైన యూఏఈ ఎంబసీ, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖ. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే ఈ పని మొదలుపెట్టండి.

అపోహ: తెల్లవాళ్ళకే ఉద్యోగాలు

ఇందులో కొంత నిజముంది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే కావాలని ప్రకటన ఇచ్చే స్కూళ్ళు ఉన్నాయి, అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అయినా లెక్కలు, సైన్సు చెప్పే మనవాళ్ళు ఇక్కడ మంచి స్థానాల్లో ఉన్నారు.

అపోహ: సెలవులే సెలవులు

2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం పూట బడి. రంజాన్‌లో గంటలు తగ్గుతాయి. జులై, ఆగస్టు సెలవులే, కానీ విమాన టికెట్లు మండిపోయేది అప్పుడే. మా స్కూల్లో సంక్రాంతికి సెలవు లేదు. అమ్మ భోగి మంట వీడియో కాల్‌లో చూపిస్తుంది, నేను అటెండెన్స్ తీసుకోవడానికి పరుగెడతాను.

అపోహ: అందరూ ఇంగ్లీషు పిల్లలే, గడగడా మాట్లాడితే చాలు

నా క్లాసులో 24 మంది పిల్లలు. ఇళ్ళల్లో అరబిక్, రష్యన్, ఉర్దూ, మలయాళం, తెలుగు. ఒక జనవరిలో రష్యన్ మాట్లాడే ఇంటి నుంచి ఏడేళ్ళ బాబు వచ్చాడు. ఆరు వారాలు నోరు విప్పలేదు. వాళ్ళమ్మకు ఒకటే టెన్షన్: "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమంటారా?" వద్దన్నాను. రాత్రిపూట రష్యన్‌లోనే కథలు చదివి వినిపించమన్నాను. కొత్త భాషలో పడ్డ చాలామంది పిల్లలు కొన్నాళ్ళు వింటూ పోగుచేసుకుంటారు. ఆ మౌనాన్ని చూసి బిడ్డకు ఏమీ రాదనుకోకూడదు.

నీటి చక్రం పాఠం రోజున బొమ్మ గీసి రష్యన్‌లోనే పేర్లు రాయమన్నాను. సముద్రం, మేఘం, వాన, అన్నీ తన లిపిలో రాశాడు. బాణం గుర్తు మీద వేలు పెట్టి పైకి జరుపుతూ, నా వైపు చూసి, మెల్లగా "అప్" అన్నాడు. మా క్లాసులో అతని మొదటి మాట అదే.

ఆ వారమే ఒక తెలుగు తల్లి వచ్చి, పాప ఇంగ్లీషు పాడవుతుందని ఇంట్లో తెలుగు మానేశామని చెప్పింది. ఆ బాబు బొమ్మ ఆమెకు చూపించాను. మర్నాడు పాప పుస్తకంలో మేఘం కింద గుండ్రటి అక్షరాలతో 'మబ్బు' అని రాసి ఉంది.