'అండర్‌స్టాండ్'లో కింద నిలబడింది ఎవరు? ఇంగ్లీష్ ఉపసర్గల మీద అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకూ, పోటీ పరీక్షలు రాసేవాళ్లకూ ఇంగ్లీష్ చెప్పడం నా పని. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు ప్రిఫిక్స్‌ల పట్టిక తెచ్చి చూపిస్తారు. 'రీ' అంటే మళ్లీ, 'అన్' అంటే కాదు, ఇలా వరసగా ఉంటుంది. ఆ పట్టికను కంఠతా పట్టినవాళ్లే క్రియల దగ్గర తడబడుతుంటే నాకు బాధగా ఉంటుంది. వాళ్ల కష్టంలో లోపం లేదు. పట్టికే సగం నిజం చెప్పింది.

నిజానికి ఈ సంగతి మనకు కొత్త కాదు. ఆహారం, విహారం, ప్రహారం, పరిహారం, సంహారం అన్నిటికీ ధాతువు ఒక్కటే. 'సం' అంటే 'కలిసి, బాగా' అని నేర్చుకున్నంత మాత్రాన 'సంహారం' అంటే చంపడమని ఊహించగలమా? ఇంగ్లీష్ క్రియలనూ ఈ చూపుతోనే చూడాలి.

అపోహ: అండర్‌స్టాండ్ అంటే 'కింద నిలబడటం'. గురువు ముందు తగ్గి నిలబడితేనే విషయం అర్థమవుతుంది.

వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఈ మాట తరచూ వింటుంటాను. 'ఉపనిషత్తు'లో 'దగ్గర కూర్చోవడం' అనే అర్థం నిజంగానే ఉంది కాబట్టి, ఇదీ అలాంటిదే అనిపిస్తుంది. కానీ కాదు.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీష్‌లో 'అండర్' అనే మాటకు 'కింద'తో పాటు 'మధ్య, నడుమ' అనే అర్థం కూడా ఉండేది. అండర్‌స్టాండ్‌లో ఉన్నది ఈ రెండో అర్థమేనని భాషా చరిత్రకారులు ఎక్కువగా చెబుతారు. అంటే విషయం నడుమన నిలబడటం. జర్మన్‌లో ఈ అర్థం ఇప్పటికీ బతికే ఉంది, 'స్నేహితుల మధ్య' అనడానికి వాళ్లు 'ఉంటర్ ఫ్రాయిండెన్' అంటారు. ఈ 'అండర్'కు లాటిన్ 'ఇంటర్', సంస్కృతం 'అంతర్' చుట్టాలు. 'కింద' అనే అర్థమున్న 'అండర్'కు చుట్టం వేరు, అది మన 'అధః'. వేర్వేరు మూలాల మాటలు రెండు ఇంగ్లీష్‌లో ఒకే రూపంలో కలిసిపోయాయన్నమాట. అంతరంగం, అంతర్యామి అనే మాటలు తెలిసిన తెలుగు విద్యార్థికి అండర్‌స్టాండ్ ఎంత దగ్గరిదో చెప్పినప్పుడు క్లాసులో వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. నాకు బాగా ఇష్టమైన పాఠం ఇదే.

అపోహ: 'విత్' అంటే 'తో'. విత్‌స్టాండ్ అంటే తోడుగా నిలబడటం.

పూర్తిగా తిరగబడిన అర్థం ఇది. పాత ఇంగ్లీష్‌లో 'విత్' అంటే 'ఎదురుగా, వ్యతిరేకంగా'. విత్‌స్టాండ్ అంటే ఎదురు నిలవడం, తట్టుకోవడం. విత్‌హోల్డ్‌లో, ఏటీఎం దగ్గర రోజూ వాడే విత్‌డ్రాలో అది 'వెనక్కి, దూరంగా' అనే అర్థం ఇస్తుంది. 'తో' అనే అర్థం తర్వాత స్థిరపడింది. నమ్మకం కుదరకపోతే మన తెలుగునే చూడండి. 'రాముడు రావణుడితో యుద్ధం చేశాడు' అంటాం. ఈ 'తో'లో తోడు ఎక్కడుంది?

అపోహ: ఫర్గివ్, ఫర్గెట్, ఫర్బిడ్‌లలో ఉన్నది 'కోసం' అనే అర్థమిచ్చే 'ఫర్'.

కాదు. ఇది విడి మాటగా ఎప్పుడో వాడుక తప్పిన పాత ఉపసర్గ. జర్మన్ 'ఫెర్'కు తోబుట్టువు. ఒక్కో క్రియలో ఒక్కోలా పనిచేస్తుంది. ఫర్బిడ్‌లో 'వద్దని ఆజ్ఞాపించడం', ఫర్గెట్‌లో 'పట్టు జారవిడవడం', ఫర్గివ్‌లో 'పూర్తిగా ఇచ్చేయడం'. పార్డన్ అనే మాట కూడా సరిగ్గా ఇలాగే పుట్టింది. లాటిన్‌లో 'పెర్' అంటే పూర్తిగా, 'దోనారే' అంటే ఇవ్వడం. మన దానానికి ఈ 'దోనారే' బంధువే. క్షమించడాన్ని 'ఇవ్వడం'గా చూసిన ఆ పాతవాళ్ల మీద నాకు గౌరవం.

పరీక్ష రాసేవాళ్లకు ఒక మాట. ఫోర్‌సీ, ఫోర్‌టెల్‌లలో ఉన్నది వేరే ఉపసర్గ. దాని చివర 'ఈ' అక్షరం ఉంటుంది, అర్థం 'ముందుగా'.

అపోహ: అన్‌కైండ్‌లోనూ అన్‌టైలోనూ ఉన్నది ఒకటే 'అన్'.

రెండూ వేర్వేరు. విశేషణాల ముందు వచ్చే 'అన్' మన అనంతం, అనర్హుడు మాటల్లోని 'అన్'కు చుట్టం. అర్థం 'కాదు, లేదు'. క్రియల ముందు వచ్చే 'అన్' చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది. అన్‌టై అంటే 'కట్టకపోవడం' కాదు, కట్టింది విప్పడం. అందుకే అన్‌లాకబుల్‌కు రెండు అర్థాలొస్తాయి. ఒకటి తాళం వేయలేనిది, రెండోది తాళం తీయగలిగేది.

ఈ రెండో 'అన్'కు మూలమైన మాటే ఆన్సర్‌లో కూడా దాగి ఉంది. దాని పాత రూపం 'అండ్‌స్వారు'. 'అండ్' అంటే ఎదురు, మిగతా భాగం ప్రమాణం చేయడమనే స్వేర్. నిందకు ఎదురుగా ప్రమాణం చేసి చెప్పే మాట అన్నమాట. ఇప్పుడు అటెండెన్స్ పిలిచినా ఆన్సరే!

అపోహ: 'రీ' అంటే ఎప్పుడూ 'మళ్లీ'.

లాటిన్‌లో దాని మొదటి అర్థం 'వెనక్కి'. రిటర్న్, రివర్ట్‌లలో 'వెనక్కి' ముందే ఉంది కాబట్టి 'రిటర్న్ బ్యాక్' అనక్కర్లేదు.

అపోహ: ప్రీపోన్ తప్పు మాట, మనవాళ్లు కల్పించింది.

పోస్ట్‌పోన్ అంటే లాటిన్‌లో 'తర్వాత పెట్టడం'. అక్కడ 'పోస్ట్' తీసి 'ప్రీ' పెడితే 'ముందు పెట్టడం' అవుతుంది. కట్టుబడిలో ఏ లోపమూ లేదు. పైగా 16వ శతాబ్దంలోనే ఇంగ్లాండ్‌లో ఈ రూపం 'ముందు ఉంచడం' అనే అర్థంలో కనిపిస్తుంది. పరీక్ష తేదీ ముందుకు జరిగితే ప్రీపోన్ అయిందని నిస్సంకోచంగా అనండి. బ్రిటన్‌కో అమెరికాకో మెయిల్ రాసేటప్పుడు మాత్రం 'బ్రింగ్ ఫార్వర్డ్' లేదా 'మూవ్ అప్' రాయండి. అక్కడ చాలామందికి ఈ మాట తెలియదు, తేదీ విషయంలో తికమక పడతారు.