ఫారం డి: ఒకే నోటీసు, ఇన్ని గుమ్మాలు ఎందుకు?

డాలస్ శివార్లలో పాత అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఒకటి కొనడానికి నలుగురు కలిసి ఎల్‌ఎల్‌సీ అనే రకం కంపెనీ పెట్టారనుకుందాం. న్యూజెర్సీ, ఇలినాయి, జార్జియాల్లో ఉన్న స్నేహితులు, వాళ్ల స్నేహితుల దగ్గర తలా యాభై వేలు, లక్ష డాలర్లు పోగుచేశారు. ఇలా నలుగురి డబ్బు పోగేసి ఆస్తి కొనే 'సిండికేషన్' గురించి అమెరికా తెలుగువాళ్లకి ఇప్పుడు విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి వాటా అమ్మిన పదిహేను రోజుల్లోగా వాళ్ల లాయరు ఈ అమ్మకం వివరాలతో ఫారం డి అనే నోటీసును షేర్ల అమ్మకాలని చూసే ఫెడరల్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఆన్‌లైన్‌లో పంపుతాడు. అక్కడితో పని అయిపోదు. అదే నోటీసు న్యూజెర్సీకి వేరుగా, ఇలినాయికి వేరుగా, జార్జియాకి వేరుగా వెళ్లాలి, ప్రతి చోటా ఫీజు కట్టాలి. ఎస్ఈసీ వెబ్‌సైట్‌లో లోకమంతా చూడగలిగే కాగితాన్ని మళ్లీ రాష్ట్రాలకి ఎందుకు పంపాలి?

ఎందుకంటే ఈ వ్యవహారంలో రాష్ట్రాలే సీనియర్లు. ఎస్ఈసీ పుట్టింది 1934లో. కాన్సస్ రాష్ట్రం చట్టం చేసింది 1911లో. లేని గనులనీ, పడని చమురు బావులనీ చూపించి రైతులకి షేర్లు అంటగట్టి పోతున్నారని అక్కడి బ్యాంకింగ్ కమిషనర్ జె.ఎన్. డోలీ పోరు పెట్టాడు. దాంతో షేర్లు అమ్మాలంటే ముందు కమిషనర్‌కి లెక్కలు చూపించి అనుమతి తెచ్చుకోవాలన్న నియమం వచ్చింది. తాను ఎంతమంది మోసగాళ్లని తరిమేశాడో డోలీ చెప్పుకున్న లెక్కల్లో గొప్పలు బాగానే ఉన్నాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. జనం పొదుపు షేర్లలోకి పోకుండా తమ డిపాజిట్లుగానే ఉండాలన్న చిన్న బ్యాంకుల ఆశ కూడా ఆ చట్టం వెనక పనిచేసింది. ఉద్దేశాలు ఏవైనా, పద్ధతి మిగతా రాష్ట్రాలకి నచ్చింది. 'బ్లూ స్కై చట్టాలు' అని పేరుపడ్డ వీటిని 1917లో సుప్రీంకోర్టు సమర్థించింది. 1919లో రాష్ట్రాల అధికారులు కాన్సస్‌లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు దాన్నే 'నాసా' అంటున్నారు, రాకెట్ల నాసా కాదు. ఇందులో కెనడా, మెక్సికో నియంత్రణ అధికారులూ సభ్యులే. 1933 వచ్చేసరికి ఒక్క నెవాడా తప్ప అన్ని రాష్ట్రాలకీ ఇలాంటి చట్టం ఉంది.

ఆ ఏడే కాంగ్రెస్ ఫెడరల్ సెక్యూరిటీస్ చట్టం చేసింది. దాని ధోరణి వేరు. మంచి షేరో చెడ్డ షేరో సర్కారు చెప్పదు, నిజాలన్నీ బయటపెట్టి అమ్ముకోమంటుంది. రాష్ట్రాల చట్టాల జోలికి మాత్రం పోలేదు. దాంతో రెండు అంచెల కాపలా మొదలైంది.

ఆ చట్టంలోనే, జనానికి బహిరంగంగా అమ్మని వాటికి ఈ వివరాలు ముందే దాఖలు చేసే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చిన్న మినహాయింపు ఉంది. ఎంతమందికి అమ్మితే 'బహిరంగం' అవుతుందో అందులో లేదు. సెయింట్ లూయిస్‌లోని పశువుల దాణా కంపెనీ రాల్‌స్టన్ ప్యూరినా తన షేర్లను సొంత ఉద్యోగులకే అమ్మి, 'కీలక ఉద్యోగులకే కదా అమ్మాం' అని వాదించింది. ఆ కీలక ఉద్యోగుల జాబితాలో బేకరీ ఫోర్‌మన్, ఎలక్ట్రీషియన్, గోదాము గుమాస్తా, స్టెనోగ్రాఫర్, పశువైద్యుడు కూడా ఉన్నారు. 1953లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తలలు లెక్కపెట్టడం కాదు, కొనేవాడు చట్టం అండ లేకుండా తన్ను తాను కాచుకోగలడా లేదా అన్నదే చూడాలంది. సూత్రం బాగుంది, కానీ ఎవరు కాచుకోగలరో ముందే తేల్చి రాసివ్వడానికి లాయర్లకి ధైర్యం చాలేది కాదు. 1982లో ఎస్ఈసీ తెచ్చిన రెగ్యులేషన్ డి ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. అప్పులూ, ఉంటున్న ఇల్లూ కాక పది లక్షల డాలర్ల ఆస్తో, ఏటా రెండు లక్షల డాలర్ల ఆదాయమో ఉన్నవాడు 'అక్రెడిటెడ్' మదుపరి. రూల్ 506 కింద అలాంటివాళ్లకి ఎందరికైనా, ఎంతకైనా అమ్ముకోవచ్చు. అలా లేనివాళ్లు ముప్పై అయిదుగురికి మించకూడదు. అమ్మాక ఒక నోటీసు ఇస్తే సరి. ఆ నోటీసే ఫారం డి.

వాషింగ్టన్ తలుపు తెరిచింది కానీ రాష్ట్రాల గడియలు అలాగే ఉన్నాయి. చాలా రాష్ట్రాలు షేరు యోగ్యతనే తూచేవి. 1980 డిసెంబరులో ఆపిల్ కంపెనీ తొలిసారి షేర్లు అమ్మినప్పుడు, రిస్కు ఎక్కువని మసాచుసెట్స్ తన రాష్ట్రంలో మామూలు జనానికి అమ్మనివ్వలేదు. అది పబ్లిక్ ఇష్యూ, మన విషయం ప్రైవేటు అమ్మకాలు. కానీ అధికారుల చేతిలో ఎంత పట్టు ఉండేదో తెలుసుకోవడానికి అది చాలు. ప్రైవేటు అమ్మకాలకైనా అందరం ఒకే మినహాయింపు పాటిద్దామని నాసా 1983లో నమూనా తయారుచేసింది. ఒక్కో రాష్ట్రం దానికి ఒక్కో మార్పు చేసుకుని అమలుచేసింది.

1996 అక్టోబరు 11న క్లింటన్ సంతకం చేసిన చట్టం ఈ కథని మలుపు తిప్పింది. రూల్ 506 కింద అమ్మే వాటిని రాష్ట్రాలు ఇక పరీక్షించకూడదు, ఆపకూడదు, షరతులు పెట్టకూడదు. మోసం జరిగితే కేసు పెట్టే హక్కు, ఎస్ఈసీకి ఇచ్చిన నోటీసు కాపీ అడిగే హక్కు, దానికి ఫీజు తీసుకునే హక్కు మాత్రం ఉంచారు. రాష్ట్రాల పెత్తనం పోయింది, వసూలు మిగిలింది. ఇప్పటి దాఖళ్లలో సగం తిరకాసు ఆ రాజీలోంచి వచ్చిందే. టెక్సస్ అమ్మే మొత్తంలో వెయ్యోవంతు అడుగుతుంది, 500 డాలర్లు దాటదు. న్యూయార్క్‌లో అయిదు లక్షల డాలర్లలోపు ఇష్యూకి 300, ఆపైన 1,200. ఫ్లోరిడా రూల్ 506 అమ్మకాలకి నోటీసే అడగదు.

మన దేశంలో ఈ తంటా లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. ప్రైవేటు ప్లేస్‌మెంట్ చేసిన కంపెనీ రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కి వివరాలిస్తే చాలు, ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ విడివిడిగా పంపక్కర్లేదు.

చట్టం మారాక కూడా కాగితాలు తగ్గలేదు. ఎస్ఈసీకి అయిదు కాపీలు, వాటిలో ఒకదాని మీద చేతి సంతకం. రాష్ట్రాలకి పంపే కట్ట ఇంకా లావు: ఫారం డి కాపీ, ఈ రాష్ట్రంలో మా మీద కేసు వేస్తే నోటీసు ఫలానా అధికారికి ఇవ్వొచ్చని ఒప్పుకునే ఫారం యూ-2, దాని మీద నోటరీ, ఫీజు చెక్కు, కవరింగ్ లెటరు, కొరియరు. గడువు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే, అక్కడ మొదటి అమ్మకం జరిగిన రోజు నుంచి పదిహేను రోజులు. ఇరవై రాష్ట్రాల్లో మదుపరులుంటే ఇరవై తేదీలు, ఇరవై చెక్కులు. పెద్ద లా ఫర్మ్‌లలో ఇదే పనిగా పారలీగల్స్ అనే లాయర్ల సహాయకులు ఉండేవాళ్లు.

2008 ఫిబ్రవరిలో ఎస్ఈసీ ఫారం డిని తిరగరాసి, తన ఆన్‌లైన్ దాఖలు వ్యవస్థ ఎడ్గార్‌లోకి తెచ్చింది. 2009 మార్చి 16 నుంచి కాగితం బంద్. యూ-2లోని ఒప్పుకోలు ఫారంలోనే కలిపేశారు. ఎడ్గార్‌లో ఒకసారి పెడితే రాష్ట్రాలకీ చేరిపోయే ఏర్పాటు గురించి కూడా అప్పుడు మాట్లాడారు. అది జరగలేదు. ఎడ్గార్‌లో దాఖలుకి ఫీజు లేదు, రాష్ట్రాలకేమో ఫీజే ముఖ్యం. చిక్కు అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

చివరికి నాసాయే సొంతంగా ఈఎఫ్‌డీ అనే వ్యవస్థ కట్టి 2014 డిసెంబరు 15న తెరిచింది. ముందు ఎడ్గార్‌లో దాఖలు చేయాలి. ఆ ఫైలింగ్ నంబరు ఇక్కడ ఇస్తే వివరాలు వచ్చేస్తాయి. రాష్ట్రాలు టిక్ పెట్టి, ఒక్కోచోట మొదటి అమ్మకం తేదీ వేస్తే ఫీజు అదే లెక్కగడుతుంది. డబ్బు బ్యాంకు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లోనే పోతుంది. ఈ సౌకర్యానికి వ్యవస్థ విడిగా ఒక ఫీజు తీసుకుంటుంది. మొదట ఐచ్ఛికం అన్న రాష్ట్రాలు ఒక్కొక్కటే దీన్ని తప్పనిసరి చేస్తూ వచ్చాయి.

అందరికంటే ఎక్కువ బెట్టు చేసింది న్యూయార్క్. 1921 నాటి తన బ్లూ స్కై చట్టం, మార్టిన్ చట్టాన్ని పట్టుకుని, ఫారం డి కాకుండా ఫారం 99 అనే తన సొంత పత్రం అడిగేది, అదీ అమ్మకానికి ముందే. 1996 చట్టం తర్వాత ఇలా అడగడం చెల్లదని నగర న్యాయవాదుల సంఘం కమిటీయే వాదించింది. ఆ మాట పట్టుకుని దాఖలు చేయడం మానేసినవాళ్లూ ఉన్నారు. 2020 డిసెంబరులో న్యూయార్క్ ఫారం 99ని పక్కనపెట్టి, ఫారం డిని ఈఎఫ్‌డీ ద్వారా తీసుకోవడం మొదలుపెట్టింది.

ఇదేమీ చిల్లర వ్యవహారం కాదు. రూల్ 506లో ఇప్పుడు 506(బి), 506(సి) అని రెండు దారులున్నాయి. 2019లో ఒక్క 506(బి) కింద కంపెనీలూ ఫండ్లూ సేకరించినది సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల డాలర్లు. 506(బి)లో ప్రకటనలివ్వకూడదు, పరిచయస్థులకే అమ్మాలి. 2012 జాబ్స్ చట్టం తర్వాత 2013 సెప్టెంబరులో అమల్లోకొచ్చిన 506(సి)లో ప్రకటన ఇవ్వొచ్చు, కానీ కొనేవాళ్లంతా అక్రెడిటెడ్ అని రుజువు చూసుకోవాలి. అయిదు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఫ్లయర్ పెట్టి 506(బి) అని ఫారం నింపేవాళ్లు తమ లాయర్ని ఒకసారి అడగడం మంచిది.

కొనేవాళ్ల వైపు చూస్తే, 'ఎస్ఈసీలో ఫైల్ అయింది' అన్న మాటకి లేని బలం అంటగడుతుంటారు. ఎడ్గార్‌లో ప్రతి ఫారం డి పైనా, ఈ సమాచారాన్ని ఎస్ఈసీ పరిశీలించి ఉండకపోవచ్చు, సరైనదో కాదో తేల్చలేదు అని రాసే ఉంటుంది. రాష్ట్రం ఫీజు తీసుకున్నా అంతే, 1996 తర్వాత దానికి యోగ్యత చూసే అధికారమే లేదు. ఫారం మాత్రం చదవదగ్గదే. నడిపేవాళ్లెవరు, కమిషన్ ఎంత, ఇప్పటికే ఎందరు చేరారు, వచ్చిన డబ్బులో ఎంత నిర్వాహకులకే వెళుతుంది అన్నవి ఒక్కోటీ ఒక్కో గడిలో ఉంటాయి. ఏ రాష్ట్రాల్లో నోటీసు ఇచ్చారో ఈఎఫ్‌డీలో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మీరు ఉంటున్న రాష్ట్రం అక్కడ కనబడకపోతే అది మోసమని కాదు. గడువు ఇంకా ఉండొచ్చు, లేదా అది ఫ్లోరిడా కావచ్చు. నోటీసు ఇవ్వనంత మాత్రాన ఫెడరల్ మినహాయింపు పోదు, రాష్ట్రాలు మాత్రం ఆలస్య రుసుమో జరిమానానో వేస్తాయి. ఎందుకు ఇవ్వలేదో నిర్వాహకుణ్ణి అడగండి, జవాబు తిన్నగా రాకపోతే మీ రాష్ట్ర సెక్యూరిటీస్ కార్యాలయానికి ఫోన్ చేయండి.